అటకమీద చదవరాని పుస్తకం దొరికితే ఏం చేయాలి?

పాత ఇల్లు విప్పేటప్పుడు మా అటకమీంచి ఒక ట్రంకుపెట్టె దిగింది. అందులో ఏటా దసరాకి హారతి అందుకునే, ఎర్రగుడ్డలో చుట్టిన తాటాకుల కట్ట, అట్ట ఊడిన లావుపాటి ఉర్దూ అచ్చు పుస్తకం, దారంతో కుట్టిన చేతిరాత కాగితాలు, చెదలు అంచులు తినేసిన రెండు పాత తెలుగు పుస్తకాలు ఉన్నాయి. ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చున్నాం. ఒక్కరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. తాటాకులు మంత్రశాస్త్రమని మా మేనత్త తేల్చేసింది. ఉర్దూ పుస్తకం ఖురానే అయ్యుంటుందని పెదనాన్న కళ్లకద్దుకుని గూట్లో పెట్టాడు. చేతిరాత కాగితాల్లో నిధి గుట్టు ఉందని మా తమ్ముడి నమ్మకం. ఏడాదిన్నర తిరిగాక తెలిసింది, ముగ్గురూ తప్పే.

మాది నల్లగొండ వైపు పల్లె. తాతయ్య పట్వారీ, అంటే ఊరి కరణం. నిజాం రాజ్యంలో కచేరీ భాష ఉర్దూ కాబట్టి ఇలాంటి పెట్టెలు తెలంగాణలో చాలా ఇళ్లలో ఉంటాయి. కోస్తా, సీమ ఇళ్లలో ఉర్దూ బదులు గ్రంథలిపో, మోడీ లిపో, తమిళమో దొరకొచ్చు. ఏది దొరికినా మొదలుపెట్టే తీరు ఒకటే. నేను ఎక్కడెక్కడ తప్పటడుగు వేశానో కూడా చెబుతాను, మీకు అంత టైం పట్టకుండా.

ముందు చేతులు కట్టుకోండి

దుమ్ము చూడగానే తడిగుడ్డ అందుకుంటాం. వద్దు. మెత్తటి పొడి బ్రష్షుతో, పెయింటింగుకి వాడే వెడల్పాటిది చాలు, లోపలి నుంచి అంచుల వైపుకి మెల్లగా దులపండి. చిరిగినచోట సెలోటేపు వేయొద్దు. దాని జిగురు కొన్నేళ్లకి పసుపుపచ్చగా మారి అక్షరాన్ని మింగేస్తుంది. లామినేషన్ అసలే వద్దు, మళ్లీ విప్పలేరు. ఎండలో ఆరబెట్టొద్దు. తాటాకులకి నిమ్మగడ్డి నూనె రాయాలని ఎవరో ఒకరు చెబుతారు. గ్రంథాలయాల్లో వాడతారన్నది నిజమే, కానీ అది చేయి తిరిగినవాళ్లు చేసే పని. మన వంటింటి నూనెలతో ప్రయోగాలు వద్దు. పసుపు, కుంకుమ, హారతి కూడా దూరంగా ఉంచండి. మా కట్టలో పైనున్న నాలుగు ఆకుల మీద కుంకుమ మరకలు ఇప్పటికీ పోలేదు.

పాత రాయసగాళ్లు గ్రంథం చివర ఒక శ్లోకం రాసేవాళ్లు. "తైలాద్రక్షేత్ జలాద్రక్షేత్ రక్షేచ్ఛిథిలబంధనాత్, మూర్ఖహస్తే న దాతవ్యమ్ ఏవం వదతి పుస్తకమ్." నూనె నుంచి కాపాడు, నీళ్ల నుంచి కాపాడు, కట్టు వదులైపోకుండా కాపాడు, మూర్ఖుడి చేతిలో పెట్టకు అని పుస్తకమే చెబుతోందట. ఆ చివరి మాట చదివినప్పుడు నాకు కాస్త గుచ్చుకుంది.

తర్వాత ఫొటోలు. ఉన్న వరుస చెడకుండా, ఏ ఆకునీ పక్కకి తీసి మరో చోట పెట్టకుండా, ప్రతి పుటా రెండు వైపులా తీయండి. పగటిపూట కిటికీ పక్కన, ఫ్లాష్ లేకుండా, పక్కన ఒక స్కేలు పెట్టి. తాటాకు మీద అక్షరం గంటంతో గీసినది, పైన పూసిన మసి వల్ల కనిపిస్తుంది. మసి పోతే ఆకు ఖాళీగా ఉన్నట్టుంటుంది. అప్పుడు గదిలో వెలుతురు తగ్గించి, టార్చిని పక్క నుంచి ఏటవాలుగా కొట్టండి. గీతల్లో నీడ పడి అక్షరాలు లేచొస్తాయి. ఫొటోలకి 001, 002 అని పేర్లు పెట్టి ఇద్దరు ముగ్గురు చుట్టాలకి పంపేయండి. ఒక్క ఫోనులోనే ఉంచితే ఆ ఫోను పోయిన రోజు అన్నీ పోతాయి.

"అర్థం కాలేదు" అంటే ఏది అర్థం కాలేదు?

నేను ఎక్కువ కాలం వృథా చేసింది ఇక్కడే. లిపి రాకపోవడం ఒకటి, భాష రాకపోవడం ఒకటి. రెండూ వచ్చినా పాతకాలపు రాత పద్ధతి అడ్డం పడొచ్చు. అన్నీ వచ్చినా విషయం కొత్తదై కొరుకుడు పడకపోవచ్చు. వీటిలో మీది ఏదో తేల్చుకోకుండా "ఇది ఎవరు చదువుతారు?" అని ఊరంతా తిరిగితే తప్పుడు మనిషి దగ్గరికే వెళతారు. నేను తాటాకుల కట్ట పట్టుకుని లిపి నిపుణుల కోసం వెతికాను. తీరా చూస్తే అది మన తెలుగు లిపే. నాకు రానిది భాష.

లిపికీ భాషకీ ఉన్న తేడా పిల్లలకి చెప్పాలన్నా, మీరే గుర్తుపెట్టుకోవాలన్నా జేబులోంచి ఒక కరెన్సీ నోటు తీయండి. పదిదో, వందదో, ఏదైనా సరే. వెనకవైపు ఒక పట్టీలో దాని విలువ 15 భాషల్లో రాసి ఉంటుంది. ఇంగ్లిషు అక్షరక్రమంలో పేర్చారు కాబట్టి పైన అస్సామీ, బెంగాలీ, అట్టడుగున ఉర్దూ, దాని పైన తెలుగు, ఆ పైన తమిళం. కొంకణి, మరాఠీ, నేపాలీ, సంస్కృతం నాలుగూ దేవనాగరిలోనే ఉంటాయి. భాషలు నాలుగు, లిపి ఒకటి. అస్సామీకీ బెంగాలీకీ దాదాపు ఒకే లిపి. మీకు దొరికిన పుట ఆ పట్టీ పక్కన పెట్టి భూతద్దంతో పోల్చండి. దేశంలో ఇంత చవకైన లిపుల పటం ఇంకోటి లేదు.

పోల్చేటప్పుడు ఏం చూడాలో చెబుతాను. అక్షరాలన్నీ పైన ఒక గీతకి వేలాడుతుంటే దేవనాగరి, బెంగాలీ, గురుముఖి వైపు వెళ్లండి. దేవనాగరిలానే ఉండి పైగీత లేకపోతే గుజరాతీ. అక్షరానికి గుండ్రటి టోపీ పెట్టినట్టుంటే ఒడియా. వొత్తులు కనపడకుండా, అక్షరాల నెత్తిన చుక్కలు ఉంటే తమిళం. ఆ చుక్కని వాళ్లు పుళ్లి అంటారు, మన పొల్లుకి బదులు అది. సున్నలు మెలికలు తిరుగుతూ పోతే మలయాళం. తమిళానికీ మలయాళానికీ మధ్యలో ఉన్నట్టుండి, ఒకదాని కింద ఒకటి గుణింతాలు, వొత్తులు కనిపిస్తే అది గ్రంథలిపి కావచ్చు. తమిళనాట సంస్కృతం రాయడానికి వాడేవాళ్లు. పేజీ పొడుగునా ముందే గీతలు గీసి, వాటికింద చెయ్యి ఎత్తకుండా గొలుసుకట్టుగా రాసినట్టుంటే మోడీ లిపి, అంటే దాదాపుగా మరాఠీ. ఈ రెండూ నోటు మీద ఉండవు.

కన్నడం మనల్ని బాగా మోసం చేస్తుంది. సగం చదవగలుగుతాం, ఏమీ అర్థం కాదు, "పాత తెలుగు కాబోలు" అనుకుంటాం. తలకట్టు చూడండి. మనది టిక్కు పెట్టినట్టు పైకి లేస్తుంది, వాళ్లది అడ్డంగా సాగి చివర వంగుతుంది.

కుడి నుంచి ఎడమకి రాసినదైతే

ముందు పుస్తకాన్ని తిప్పి పట్టుకోండి. మనకి వెనక అట్ట అనిపించేదే దానికి ముందు అట్ట. పెదనాన్న చివరి పేజీని మొదటిదనుకుని చూసి, పేరు లేదని చెప్పాడు.

తర్వాత చుక్కలు చూడండి. ఏదైనా అక్షరం కింద మూడు చుక్కలుంటే అది ప, చ లాంటి ధ్వని. అరబ్బీకి అవి లేవు, ఫార్సీకీ ఉర్దూకీ ఉన్నాయి. ట, డ లాంటి అక్షరాల నెత్తిన బుల్లి గుర్తు, అంటే ఒక చిన్న నిలువుగీతా దాని పక్కన మెలికా కనిపిస్తే ఇక ఉర్దూయే. ఫార్సీకి ట, డ లేవు. ప్రతి అక్షరానికీ పైనా కిందా చిన్న చిన్న గీతలు నిండుగా ఉండి, వాక్యం చివర గుండ్రటి గుర్తులు వస్తుంటే అది ఖురాన్ కానీ, ప్రార్థనల పుస్తకం కానీ అయ్యే అవకాశం ఎక్కువ. అలాంటిదైతే కింద పెట్టకుండా, చేతులు కడుక్కుని, తెలిసిన ముస్లిం పెద్దవాళ్లకి చూపించండి. మామూలు ఉర్దూ పుస్తకంలో ఆ గీతలు ఎక్కడో తప్ప కనపడవు.

మా లావు పుస్తకంలో గీతలు లేవు. మధ్యమధ్యలో త్రిభుజాలు, వృత్తాలు ఉన్నాయి! అది లెక్కల పుస్తకం. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంతోనే పుట్టింది. అక్కడి అనువాద సంస్థ శాస్త్రాల పుస్తకాలెన్నో ఉర్దూలోకి తెచ్చింది. తెలుగు ఇళ్లలో పిల్లలు కూడా గణితం, చరిత్ర, భౌతికశాస్త్రం ఉర్దూలోనే చదువుకున్నారు. కాబట్టి ఉర్దూ అనగానే మతగ్రంథమో, షాయరీయో అనుకోకండి. బొమ్మలు, పట్టికలు, అంకెలు ఉన్నాయేమో ముందు చూడండి. ఏ భాషా రాకపోయినా ఆ మూడూ చదవగలం.

ఉర్దూ అంకెలు ఒక సాయంత్రంలో వచ్చేస్తాయి. సున్న ఒక చుక్క. ఒకటి నిలువు గీత. ఏడు గరాటులా పైకి తెరుచుకుని ఉంటుంది, ఎనిమిది దాన్నే బోర్లించినట్టు. అయిదు తలకిందులైన ఆకులా ఉంటుంది. తొమ్మిది మనం రాసే 9లానే. అక్షరాలు కుడి నుంచి ఎడమకి పోయినా అంకెలు మాత్రం ఎడమ నుంచి కుడికే చదవాలి. ఇది తెలియక చాలామంది సంవత్సరాన్ని తిరగేస్తారు.

మన లిపే, కానీ చదవలేకపోతున్నారా?

పాత తెలుగు అచ్చు పుస్తకం తెరిస్తే "ధమ౯ము" అని ఉంటుంది. మధ్యలో తొమ్మిదెందుకు వచ్చిందా అని బుర్ర గోక్కుంటాం. అది తొమ్మిది కాదు, వలపలగిలక. తన పక్కనున్న అక్షరం ముందు పలకాల్సిన ర్ అది. ధర్మము అని చదవాలి. "కమ౯" అంటే కర్మ. ఈ ఒక్కటి తెలిస్తే పాత పుస్తకాల్లో సగం భయం పోతుంది.

మిగిలినవి: బండి ఱ, గుఱ్ఱములో ఉన్నట్టు. అరసున్న, వాఁడులో ఉన్నట్టు, పలకకుండా దాటేయొచ్చు. పేజీ సంఖ్యలు ౧, ౨, ౩ అని ఉంటాయి. చేతిరాతలో మహాప్రాణాల కింది చిన్న గీత తరచుగా ఎగిరిపోతుంది, ద అని ఉంటే ధ అయ్యే వీలుందని గుర్తుంచుకోండి. తాటాకుల్లో మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉండదు. కాబట్టి కళ్లతో కాదు, నోటితో చదవండి. పైకి చదువుతుంటే ఎక్కడ మాట విరుగుతుందో చెవి పట్టుకుంటుంది.

చదవగలిగినా నిఘంటువులో మాట దొరకకపోవడం ఇంకో చిక్కు. "పూచెఁ గలువలు" అని ఉంటుంది. గలువ కోసం వెతికితే ఏ నిఘంటువులోనూ ఉండదు, ఎందుకంటే అది కలువ. ముందున్న మాటని బట్టి క చ ట త ప లు గ జ డ ద బ లుగా మారిపోయాయి. ఇంకోచోట గ స డ ద వ లు అవుతాయి. "అపుడు సనియె" అంటే అప్పుడు చనియె, వెళ్లాడు అని. బళ్లో సరళాదేశం, గసడదవాదేశం అని మార్కుల కోసం బట్టీపట్టిన సంధులు నిజంగా పనికొచ్చేది ఇదిగో ఇక్కడ. మాట దొరక్కపోతే మొదటి అక్షరాన్ని వెనక్కి మార్చి మళ్లీ వెతకండి. బ్రౌన్ 1852లో వేసిన నిఘంటువు, 1885 నాటి శబ్దరత్నాకరం, ఇంకా చాలా నిఘంటువులు ఆంధ్రభారతి సైటులో ఒకేసారి వెతకొచ్చు.

లిపి తేలాక భాష తేల్చండి

చదవగలిగిన లిపిలో ఉంటే ఒక పేజీ పైకి చదివి, మాటల చివరలు వినండి. డు, ము, వు, లు అని ముగుస్తుంటే తెలుగు. మ్, విసర్గ, స్య, "ఇతి", "చ", "తథా" వినిపిస్తుంటే సంస్కృతం. ఉర్దూ తెలిసినవాళ్లు చదువుతున్నప్పుడు కా, కీ, కే, హై వినిపిస్తే ఉర్దూ. వాక్యం చివర "అస్త్" వస్తుంటే ఫార్సీ.

తిరకాసు కేసులు ఉంటాయి. చెన్నైలో పెరిగిన మా వదిన పుట్టింటి నుంచి ఒక పాటల పుస్తకం తెచ్చుకుంది. లిపి తమిళం, అక్షరాల నెత్తిన 2, 3, 4 అని బుల్లి అంకెలు. ఫుట్‌నోట్లు అనుకున్నాం, కిందకి చూస్తే ఏమీ లేవు. అవి త్యాగరాజ కీర్తనలు. తమిళంలో క, ఖ, గ, ఘ లకి ఒకటే అక్షరం కాబట్టి తెలుగు సాహిత్యం సరిగ్గా పలకడానికి ఏది రెండోదో, ఏది మూడోదో అంకె వేసి చెబుతారు. అంటే చదవలేని మాకు ఆ భాష వచ్చు, చదవగలిగిన వాళ్లకి రాదు! వదిన చదువుతుంటే మా అమ్మ అర్థం చెప్పింది. మీ ఇంట్లో కూడా ఇలా ఇద్దర్ని కలిపి కూర్చోబెడితే సరిపోయే పుస్తకాలు ఉండొచ్చు.

లిపి మార్చుకోవడానికి అక్షరముఖ అనే ఉచిత సాధనం ఉంది. ఒక లిపిలో టైపు చేసిన పాఠాన్ని తెలుగులోకి, గ్రంథంలోకి, ఇంకా ఎన్నో లిపుల్లోకి మారుస్తుంది. అనువాదం చేయదు, అక్షరం మాత్రమే మారుస్తుంది. కన్నడ పుస్తకం తెలుగు లిపిలోకి మార్చి చదివి చూడండి, ఎంత దగ్గరి చుట్టమో తెలుస్తుంది.

ఇక మా తాటాకులు. కూడబలుక్కుంటూ ఒక లైను రాసుకున్నాను: అమరా నిర్జరా దేవాస్త్రిదశా విబుధాః సురాః. అన్నీ దేవుళ్ల మాటలే. మేనత్త మొహం వెలిగిపోయింది, "నేను చెప్పలే?" అంది. ఆ లైను అలాగే నెట్‌లో టైపు చేస్తే మొదటి ఫలితంలోనే దొరికింది. అమరకోశం. దేవతలకి ఉన్న పర్యాయపదాల జాబితా అది. నాలుగు తరాలుగా దసరాకి మా ఇంట్లో హారతి అందుకుంటున్నది నిఘంటువు. మేనత్త మాత్రం హారతి మానలేదు, సరస్వతే కదా అంటుంది. దూరం నుంచి ఇస్తోంది, అది చాలు.

పాత గ్రంథాలు చాలావరకు ఒకే గ్రంథానికి ఎన్నో ప్రతులు. అందుకే ఒక్క లైను సరిగ్గా రాసి వెతకడం, కట్టంతా అర్థం చేసుకోవాలని కూర్చోవడం కన్నా ముందు చేయాల్సిన పని. మధ్యలోంచి ఒకటి, చివరి నుంచి ఒకటి తీసుకుని కూడా వెతకండి, ఒక్కో కట్టలో రెండు మూడు గ్రంథాలు కలిసి ఉంటాయి.

కాలం తేల్చడం

మొదటి పుట, చివరి పుట, మార్జిన్లు చూడండి. తెలుగు కావ్యంలో ఆశ్వాసం చివర ఒక గద్య ఉంటుంది, కవి పేరు, తండ్రి పేరు, గ్రంథం పేరు అందులోనే చెబుతాడు. చేతిరాత ప్రతిలో ఆఖరున రాయసగాడు తిథి, వారం, సంవత్సరం పేరు రాస్తాడు. "క్రోధి నామ సంవత్సర" అని ఉందనుకోండి. క్రోధి 2024 ఉగాదికి వచ్చింది. అరవై తీసేస్తూ పోండి: 1964, 1904, 1844. వీటిలో ఏదో కాగితాన్ని బట్టి, ఇంట్లో వంశవృక్షాన్ని బట్టి ఊహించాలి. పక్కన శాలివాహన శకం కూడా ఉంటే ఇక సందేహం లేదు, 78 కలపండి. శకం 1766 అంటే 1844.

ఉర్దూ కాగితాల్లో నేను బోల్తా పడ్డాను. తాతయ్య సంతకం కింద 1345 అని ఉంది. హిజ్రీ అనుకుని లెక్కేస్తే 1926-27 వచ్చింది. ఆ లెక్కన మా తాతయ్య పన్నెండేళ్లకే పట్వారీ అయిపోయాడు! ఆ సంఖ్య పక్కన చిన్నగా ఒక అక్షరం ఉంటుంది, దాన్ని నేను మరక అనుకున్నాను. ఫే ఉంటే ఫస్లీ అంటే రెవెన్యూ లెక్కల సంవత్సరం, ఐన్ ఉంటే ఈస్వీ అంటే క్రీస్తుశకం, హే ఉంటే హిజ్రీ. రెవెన్యూ కాగితం అంటే దాదాపు ఫస్లీయే. ఫస్లీకి 590 కలపాలి. 1345 ఫస్లీ అంటే 1935 అక్టోబరు నుంచి మొదలైన ఏడాది. తెలంగాణ భూముల గొడవల్లో ఇప్పటికీ వినపడే 1317 ఫస్లీ రెవెన్యూ చట్టం కూడా ఇదే లెక్క, 1907.

చదివేవాళ్లని వెతకడం, అడగడం

మా వీధి చివర టైలరు చాచా రోజూ ఉర్దూ పేపరు చదువుతాడు. లెక్కల పుస్తకం గడగడా చదివాడు. చేతిరాత కాగితాలు ఇస్తే రెండు నిమిషాలు చూసి తిరిగిచ్చేశాడు. "ఇది శికస్తా బేటా, నా వల్ల కాదు." శికస్తా అంటే విరిగినది. చుక్కలు వదిలేసి, అక్షరాలు ఒకదాంట్లో ఒకటి కలిపేసి వేగంగా రాసే కచేరీ రాత. అచ్చు చదవగలిగే అందరూ దాన్ని చదవలేరు. మన డాక్టరు చీటీ మందుల షాపువాడికే తెలిసినట్టు, అది రెవెన్యూలో పనిచేసినవాళ్లకే తెలుస్తుంది. అందుకే రిటైరైన గిర్దావర్లు (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్లు), పాత దస్తావేజు లేఖర్లు, కోర్టుల దగ్గర అనువాదం చేసేవాళ్లని అడగాలి.

నాకు దొరికిన గిర్దావర్ సారుకి ఎనభై దాటాయి. కళ్లద్దాలు తుడుచుకుని కాగితం దూరంగా పట్టుకున్నారు.

"ఎవరన్నరు బిడ్డా ఇది నిధి అని?"

"మా తమ్ముడు సార్."

"మంచిగనే అన్నడు. గొర్లకాపరుల కాడ రావాల్సిన పైసల లెక్క ఇది. మీ తాత వసూలు చేయలే, బాకీ అట్లనే ఉన్నది. పోయి అడుగుమను."

ఆయన పైకి చదువుతుంటే నాకు ఇంకో సంగతి తట్టింది. జమ, ఖర్చు, బాకీ, వసూలు, తారీఖు, రసీదు, ఇనాం, హద్దు, షరతు, దస్తావేజు. సగం మాటలు నాకు తెలిసినవే. కంటికి పరాయిగా ఉన్న కాగితం చెవికి తెలుగులా ఉంది. కాబట్టి ఎవర్నీ "అనువాదం చేసిపెట్టండి" అని అడగొద్దు. అది పెద్ద పని, మొహమాటానికి ఒప్పుకుని పక్కన పెట్టేస్తారు. "ఒక్క పేజీ పైకి చదవండి, రికార్డు చేసుకుంటాను" అనండి. ఎవరైనా ఒప్పుకుంటారు. ఇంటికొచ్చి విని, తెలియని మాటలే వెతుక్కోండి. కచేరీ మాటల కోసం బ్రౌన్ జిల్లా నిఘంటువు, విల్సన్ రెవెన్యూ పదకోశం ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా ఉన్నాయి. భూమి కాగితమైతే నాలుగు మాటలు ముందే నేర్చుకుని వెళ్లండి: మష్రిక్ తూర్పు, మగ్రిబ్ పడమర, షుమాల్ ఉత్తరం, జునూబ్ దక్షిణం. హద్దులు ఈ మాటలతోనే వస్తాయి.

ఇంకో జాగ్రత్త. ఒక పేజీకి ఇంత అని ముందే డబ్బు అడిగి, చూసీచూడగానే "ఇందులో రహస్యముంది, పూజ చేయించాలి" అనేవాళ్లు తగులుతారు. మాకూ ఒకాయన తగిలాడు. గొర్రెల లెక్కకి శాంతి చేయించాలన్నాడు.

ఫోనులో కెమెరా పెట్టి అనువదించే యాప్‌లు అచ్చు పేజీలకి బాగానే పనిచేస్తాయి. శికస్తా, తాటాకు, మోడీ చేతిరాతలకి నమ్మొద్దు. చదవలేకపోతే చదవలేనని చెప్పకుండా ఏదో ఒకటి అల్లేస్తాయి, అదీ అందమైన తెలుగులో. పరీక్ష సులువు: అదే పేజీని కొంచెం వేరే కోణంలో మళ్లీ ఫొటో తీసి ఇవ్వండి. రెండుసార్లూ రెండు కథలు చెబితే వదిలేయండి. భూమి తగాదాకి సంబంధించిన కాగితమైతే యాప్ మాట మీద వకీలు దగ్గరికి పోవద్దు. సేత్వారు, పాత పహాణీ లాంటి భూమి రికార్డులు అధికారికంగా అనువదించి ధ్రువీకరించినవే చెల్లుతాయి.

ఊళ్లో ఎవరూ దొరకకపోతే సంస్థలున్నాయి. హైదరాబాద్‌లో ప్రాచ్య లిఖిత గ్రంథాలయం, తార్నాకలోని రాష్ట్ర పురాలేఖన సంస్థ, అరబ్బీ, ఫార్సీ, ఉర్దూ ప్రతులకి సాలార్‌జంగ్ మ్యూజియం గ్రంథాలయం. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ప్రాచ్య పరిశోధన సంస్థ. గ్రంథలిపికి చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయం, మోడీ కాగితాలకి తంజావూరు సరస్వతీ మహల్. పాత తెలుగు అచ్చు పుస్తకాలైతే 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం. అసలు కట్ట మోసుకుపోకండి. రెండు మంచి ఫొటోలు, కొలతలు, ఎక్కడ దొరికిందో రెండు లైన్లు పట్టుకెళ్లండి.

మీరే నేర్చుకోవాలా?

ఒకే ఒక్క కాగితం ఉంటే అక్కర్లేదు. పెట్టెడు ఉంటే నేర్చుకోండి. కన్నడ అక్షరాలు తెలుగువాళ్లకి రెండు మూడు రోజుల పని. తమిళంలో అచ్చులు 12, హల్లులు 18 మాత్రమే. గుర్తుపట్టడం తేలిక, ఏ క ఎక్కడ గ అవుతుందో తెలియడమే కష్టం. ఉర్దూకి ఎక్కువ కాలం పడుతుంది, అక్షరం మాట మొదట్లో ఒకలా, మధ్యలో ఒకలా, చివర ఒకలా మారుతుంది కాబట్టి. నేను హైదరాబాద్ వీధుల పేర్ల బోర్డులతో నేర్చుకున్నాను. పైన తెలుగులో ఉన్నదే కింద ఉర్దూలో ఉంటుంది, బస్సు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా ఒక పాఠం. ఆరు నెలలకి అచ్చు వచ్చింది. శికస్తా ఇంకా రాలేదు.

అమెరికాలో ఉన్న మా అక్క కొడుకు తాటాకులు ఫ్రేము కట్టించుకుంటానని రెండు ఆకులు అడిగాడు. ఇవ్వలేదు. కట్టలోంచి ఆకు తీస్తే గ్రంథం తెగిపోతుంది, అదొకటి. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం చారిత్రక, సాహిత్య విలువున్న 75 ఏళ్లు దాటిన రాతప్రతి కూడా పురావస్తువే, దాన్ని దేశం దాటించకూడదు, అదింకొకటి. ఫొటోలు పంపాను, వాటినే పెద్దవి చేయించి గోడకి పెట్టుకున్నాడు.

పనంతా అయ్యాక, రంగు దిగని ఉతికిన నూలుగుడ్డలో చుట్టి, రబ్బరుబ్యాండు కాకుండా నూలు నాడాతో కట్టి, పురుగు పట్టకుండా ఎండు వసకొమ్ము విడిగా మూటకట్టి పెట్టెలో ఓ మూల పెట్టండి. కట్ట పైన పెన్సిలుతో రాసిన ఒక చీటీ ఉంచండి, పెన్ను సిరా కాగితాలకి అంటుతుంది. మా చీటీలో ఇలా ఉంది:

"తాటాకులు 71. లిపి తెలుగు, భాష సంస్కృతం, అమరకోశం. 38వ ఆకు లేదు. చివరి మూడు ఆకులు వేరే చేతిరాత, వడ్ల లెక్కలా ఉంది, ఇంకా చదవలేదు. ఫొటోలు తమ్ముడి దగ్గర, వదిన దగ్గర. ఉర్దూ కాగితాలు 14, గొర్రెల బాకీలు, 1345 ఫస్లీ. గిర్దావర్ సారు చదివిన రికార్డింగు నా దగ్గర ఉంది. హారతి దూరం నుంచి."